పెరట్లో హాప్స్: కాస్కేడ్ మేలా, సెంటెనియలా, చినూకా?

ఫిబ్రవరి వచ్చిందంటే నాకు ఇదే ప్రశ్న. "పెరట్లో హాప్స్ పాదు పెడదామనుకుంటున్నాం, ఏ రకం తెచ్చుకోమంటారు?" హాప్స్ అంటే బీరుకి చేదు, వాసన ఇచ్చే పువ్వులు పూసే తీగ; కాస్కేడ్, సెంటెనియల్, చినూక్ అందులో రకాలు. మేముండే సియాటిల్ వైపు ఇంట్లో బీరు చేసుకునే తెలుగువాళ్లు నాకు తెలిసే చాలామంది ఉన్నారు. మార్చిలో షాపుల్లోకి రైజోములు, అంటే నాటుకునే దుంప ముక్కలు, వస్తాయి, మంచివి ముందే అయిపోతాయి. అందుకే ఈసారి అందరికీ కలిపి రాస్తున్నాను.

రకాన్ని ఎంచుకోవడానికి చాలామంది ముందు చూసేది ఆల్ఫా ఆసిడ్ శాతం, అంటే పువ్వులో చేదునిచ్చే పదార్థం ఎంతుందో. కాస్కేడ్‌లో 4.5 నుంచి 7, సెంటెనియల్‌లో 9.5 నుంచి 11.5, చినూక్‌లో 12 నుంచి 14. నేనూ అదే చూసి మొదట చినూక్ తెచ్చాను. చేదు రెట్టింపు కదా, కాసిని పువ్వులతోనే పని జరిగిపోతుందనుకున్నాను. మూడో ఏడు పాదు విరగకాసింది. 28 గ్రాముల ఎండు పువ్వులు వేసి గంటసేపు మరిగించి, 19 లీటర్ల పేల్ ఏల్ (లేత రంగు బీరు) చేశాను. అనుకున్న చేదులో సగమే వచ్చినట్టనిపించింది. మరుసటి ఏడు అదే పాదు, అదే కొలత. ఈసారి చేదెక్కువై గ్లాసు పూర్తి చేయడమే కష్టమైంది.

తప్పు మొక్కది కాదు, నా లెక్కది. పట్టికలో ఉండే శాతం ఎవరి పొలంలోనో కాసి, ఎవరో ఆరబెట్టిన పువ్వులది. మన పెరట్లో ఎండ ఎంత పడింది, వారం ముందు కోశామా వెనక కోశామా, ఎంత వేడిలో ఆరబెట్టాం, ఎన్ని నెలలు దాచాం అన్నదాన్ని బట్టి ఆ అంకె మారిపోతుంది. 28 గ్రాముల్లో ఆల్ఫా 12 శాతం ఉంటే సుమారు 40 ఐబీయూ (బీరు చేదుని కొలిచే అంకె) చేదు వస్తుంది, 9 శాతమే ఉంటే 30. ఈ రెండూ వేర్వేరు బీర్లు. ల్యాబ్‌లో పరీక్ష చేయించొచ్చు గానీ, ఒక్క పరీక్షకయ్యే ఖర్చు రైజోమ్ ధరను మించిపోతుంది.

అందుకే నా దృష్టిలో తేల్చేది ఈ ఒక్క విషయమే. ఇంటి హాప్స్‌ని చేదు కోసం పెంచకూడదు, వాసన కోసం పెంచాలి. చేదుకి శాతం అచ్చేసి ఉన్న ప్యాకెట్ పెల్లెట్లు (పొడి చేసి బిళ్లలుగా నొక్కిన హాప్స్) కొని మరగడం మొదలవగానే వేయండి. పెరటి పువ్వుల్ని పొయ్యి కట్టేసే ముందు వేయండి. అప్పుడు వాటి నుంచి దిగే చేదు కొంచెమే కాబట్టి అంకె తెలియకపోయినా నష్టం లేదు. ఇలా చూస్తే చినూక్‌కున్న పెద్ద బలమే పెరట్లో అక్కరకు రాదు, కాస్కేడ్ ముందుకొస్తుంది.

కాస్కేడ్ పాత రకం. ఒరెగన్‌లో తయారై 1972లో విడుదలైంది. 1980లో సియెర్రా నెవాడా అనే బీరు కంపెనీ వాళ్ల పేల్ ఏల్ వచ్చాక అమెరికన్ పేల్ ఏల్ అంటే ఈ వాసనే అన్నట్టయింది. పంపరపనస తొక్క గిల్లితే వేలికి అంటుకునే వాసన ఉంటుందే, అది. కోతకి వచ్చిందో లేదో చేత్తోనే తెలుస్తుంది. పచ్చి పువ్వు నొక్కితే మెత్తగా, తడిగా అణిగిపోతుంది. పండిన పువ్వు కాగితంలా గరగరలాడి మళ్లీ పొంగుతుంది. నిలువునా చీలిస్తే రేకుల మొదట్లో పసుపు చల్లినట్టు లుపులిన్ కనిపిస్తుంది. చేదూ వాసనా ఉండేది ఆ పొడిలోనే.

దీనికి ఒక లోపముంది, నిలవ ఉండదు. మామూలు గది వేడిలో ఆరు నెలలుంచితే ఆల్ఫా దాదాపు సగానికి పడిపోతుంది. వాసన కోసం వాడుకునేవాళ్లకి ఇది పెద్ద ఇబ్బంది కాదు. కోసిన రోజే పచ్చివి పచ్చిగా వేసేయొచ్చు. పచ్చి పువ్వులో 80 శాతం దాకా నీరే కాబట్టి 60 గ్రాముల ఎండువి వేసే చోట 300 గ్రాములకు తగ్గకుండా వేయాలి. మిగిలినవి కరివేపాకులా నీడన, గాలి తగిలేలా ఆరబెట్టండి, ఎండలో వద్దు. పువ్వు మధ్యలోని ఈనె వంచితే వంగకుండా పుటుక్కున విరగాలి. అప్పుడు గాలి తీసిన సంచుల్లో ఫ్రీజర్‌లో పెట్టండి.

సెంటెనియల్ వాసన నాకూ ఇష్టమే, నిమ్మతో పాటు పూల పరిమళం ఉంటుంది. కానీ మా తడి వసంతంలో దానికి బూజు తెగులు భయం ఎక్కువ. ఒక ఏప్రిల్‌లో పక్కింటి పాదు చూశాను. మిగతా తీగలు మోకాలెత్తు లేచినా నాలుగైదు మొలకలు కురచగా, గుత్తిగా నిలిచిపోయాయి. వాటి ఆకులు కిందికి ముడుచుకున్నాయి, తిప్పితే అడుగున మసి పూసినట్టుంది. అలాంటివి మొదలంటా తీసేయాలి. కాస్కేడ్ ఈ తెగులుని కొంత తట్టుకుంటుంది. మా రాష్ట్రంలోనే ఎండ, పొడిగాలి ఉండే యాకిమా వైపైతే సెంటెనియల్ పెట్టమని నేనే చెబుతాను.

చినూక్‌ని నేను తీసేయలేదు. పైన్ జిగురు, మిరియాల ఘాటు కలిసిన ఆ వాసన పోర్టర్‌ అనే నల్లటి బీరుకి బాగా నప్పుతుంది, కాస్కేడ్ కన్నా నిలవ కూడా ఉంటుంది. రెండో పాదుగా పెట్టుకోవచ్చు. కాకపోతే రెండింటికీ మధ్య కనీసం ఆరడుగులు వదలండి. వేర్లు నేలకింద పాకి కలిసిపోతే ఏ మొలక దేనిదో తెలియదు.

యూరప్ రకాలైన సాజ్, హాలర్టౌ ఇక్కడ కాపు తక్కువ. సిట్రా, మొజాయిక్ పేటెంటున్న రకాలు, రైజోములు మనకి అమ్మరు.

హైదరాబాద్ నుంచి అడిగేవాళ్లకి మాత్రం ఏ రకమూ చెప్పలేను. ఎండాకాలంలో మాకు పగలు 16 గంటలుంటుంది, అక్కడ 13 గంటలు దాటితే గొప్ప. అంత తక్కువ పగటికి తీగ పూర్తిగా ఎదగకముందే పూతకొచ్చేస్తుంది, కాపు నిలవదు. మన దేశంలో హాప్స్ పండించింది హిమాచల్‌లోని లాహౌల్ లోయ లాంటి ఉత్తరాది చోట్లే.

ఇంట్లో కుక్క ఉంటే ఒక మాట. హాప్స్ కుక్కలకి విషం. పచ్చివే కాదు, మరిగించి పారేసిన పిప్పి తిన్నా ఒళ్లు విపరీతంగా వేడెక్కి ప్రాణం పోవచ్చు. పిప్పిని మూతున్న డబ్బాలోనే వేయండి.

రైజోమ్ కొనేటప్పుడు బొటనవేలంత లావుండి, తెల్ల మొగ్గలు రెండు మూడు కనిపించేది ఏరుకోండి. నేల ఇంకా చల్లగా బురదగా ఉంటే తడి కాగితంలో చుట్టి, సంచిలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. మొదటి ఏడు గుప్పెడు పువ్వులొస్తే చాలనుకోండి. ఆ ఏడంతా వేరు ఊరనివ్వాలి, మంచు పడేదాకా తీగలు కోయొద్దు.