వోల్టేజి పెంచాలా, వైరు వేగం పెంచాలా: ఏది మేలు?

గాజువాక ఆటోనగర్‌లో ఫ్లక్స్ కోర్ వెల్డింగ్ (లోపల ఫ్లక్స్ పొడి నింపిన వైరును మెషీన్ నెడుతుంటే, అది కరిగి అతికే పద్ధతి) నేర్చుకుంటున్న కుర్రవాళ్లను గమనిస్తుంటాను. బీడ్, అంటే అతుకు మీద గట్టిపడే లోహపు వరస, బాగా రాలేదంటే చాలు, చెయ్యి వోల్టేజి మీదికే పోతుంది. నా అనుభవంలో ముందు సరిచూడవలసింది వైరు వేగం.

ఈ మెషీన్‌లో ఆంపియర్లకు వేరే మీట ఉండదు. వైరు ఎంత వేగంగా వస్తే కరెంటు అంత పెరుగుతుంది. ప్లేటులోకి కరుగు దిగడం, జాయింటు నిండడం ఎక్కువగా దానివల్లే. వోల్టేజి ఆర్క్ (వైరుకూ ప్లేటుకూ మధ్య వెలిగే మెరుపు) పొడవును నిర్ణయిస్తుంది, బీడ్‌ను వెడల్పు చేస్తుంది. అందుకే వైరు వేగం తక్కువగా ఉంచి వోల్టేజి పెంచితే పైకి చదునుగా, నునుపుగా కనిపిస్తుంది, అడుగున మాత్రం అతకదు. అలాంటి అందమైన బీడ్ సుత్తి దెబ్బకు విడిపోవడం చూశాక నేను వరస మార్చుకున్నాను.

1.2 మిల్లీమీటర్ల వైరు, కార్బన్ డయాక్సైడ్ గ్యాసుతో ప్లేటు పడుకోబెట్టి చేసేటప్పుడు నిమిషానికి 7.5 మీటర్ల దగ్గర మొదలుపెడతాను. దాదాపు 200 ఆంపియర్లు వస్తాయి. వోల్టేజి 26 చాలు. నిలువు జాయింటులో పైకి పోయేటప్పుడు రెండూ తగ్గించాలి. ఆర్గాన్ 75 శాతం కలిసిన గ్యాసుకు మారితే వోల్టేజి ఒకటి రెండు తగ్గించాలి.

వోల్టేజినే తిప్పవలసిన సందర్భాలూ ఉన్నాయి. బీడ్ తాడులా ఉబ్బితే అర వోల్టు చొప్పున పెంచండి. అంచుల్లో గాడి పడితే తగ్గించండి. అయితే ఏ మీటా ముట్టకముందు టార్చ్ దూరం చూసుకోవాలి. టార్చ్ లోపలి రాగి కొన నుంచి 15–20 మిల్లీమీటర్లు బయటికి ఉండాల్సిన వైరు 30 అయిందంటే కరెంటు దానంతట అదే పడిపోతుంది.

విశాఖలో మరో చిక్కు ఉంది. సముద్రపు గాలి గంటకు 8 కిలోమీటర్లు దాటితే కరుగుకు గాలి తగలకుండా కాపాడే గ్యాసు చెదిరి బీడ్‌లో రంధ్రాలు పడతాయి. అప్పుడు టార్పాలిన్ కట్టాలి, మీటలతో పని లేదు. రాత్రంతా ఫీడర్ (వైరును నెట్టే పెట్టె) మీదే వదిలేసిన వైరు తేమ పీల్చుకుంటే బీడ్ మీద పురుగు పాకినట్టు గీతలు వస్తాయి. అధిక వోల్టేజి కూడా అవే గీతలు తెస్తుంది కాబట్టి తికమక పడతారు. కొత్త వైరు వేసినా గీతలు పోకపోతే అప్పుడు వోల్టేజి తగ్గించండి.

ఇంకా సందేహమైతే తుక్కు ప్లేట్లు రెండు టీ ఆకారంలో ఒక పక్కనే అతికి, సుత్తితో విరగ్గొట్టి చూడండి. మూల కరగకుండా మిగిలిపోయి ఉంటే వైరు వేగం పెంచాలి.