రొయ్యలు పడవా? చర్మ పరీక్ష, రక్త పరీక్షల్లో ఏది మేలు?

రొయ్యల ఇగురు తిన్న అరగంటకే పెదాలు వాచి ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి, ఏ పరీక్ష చేయించుకోవాలి అని ముత్తుకూరు, ఇందుకూరుపేట నుంచీ, అటు కొత్తపట్నం నుంచీ కూడా అదే ప్రశ్న. చెరువుల మధ్య బతికేవాళ్ళకు ఇది చిన్న సంగతి కాదు. రొయ్యలు ఒలిచే పనిలో ఉన్న కొందరికి తినకపోయినా ఆ తుంపరలు పీలిస్తేనే ఆయాసం వస్తుంది.

నా మొగ్గు చర్మ పరీక్షకే. ముంజేతి మీద రొయ్య సారం చుక్క వేసి సూదిమొనతో పైపైన గుచ్చుతారు, 15–20 నిమిషాల్లో దోమ కుట్టినట్టు ఉబ్బుతుంది, పోలిక కోసం ఉప్పునీటి చుక్క పెట్టి గుచ్చిన చోటికంటే కనీసం 3 మిల్లీమీటర్లు ఎక్కువుంటే పాజిటివ్. డాక్టరు సరేనంటే మీ ఇంట్లో వండే వనామి రొయ్యనే తీసుకెళ్ళొచ్చు, సూదిని ముందు దానిలో గుచ్చి తర్వాత మీ చర్మం మీద గుచ్చుతారు.

అయితే అసలు తేల్చేది మీరు చెప్పే కథే: ఏం తిన్నారు, ఎంతసేపటికి వచ్చింది, అంతకుముందు తిన్నప్పుడు ఏమైంది. ఎందుకంటే రొయ్యలోని ట్రోపోమయోసిన్ లాంటి ప్రోటీనే బొద్దింకల్లోనూ, ఇంటి దుమ్ములోని పురుగుల్లోనూ ఉంటుంది, దుమ్ము పడనివాళ్ళకు రొయ్యలు హాయిగా అరుగుతున్నా పాజిటివ్ రావచ్చు. ఈ చిక్కు రెండు పరీక్షలకూ ఉంది. కానీ చర్మ పరీక్షలో డాక్టరు ఎదురుగా ఉండి అడుగుతాడు, ల్యాబులో రక్తమిచ్చి వస్తే పదుల కొద్దీ పదార్థాల జాబితా చేతిలో పెడతారు, అది చూసి పిల్లలకు పాలు, గుడ్లు కూడా మాన్పించేస్తున్నారు, నాకు బాధ కలిగించేది అదే.

ఒళ్ళంతా ఎగ్జిమా (దురద పెట్టే చర్మవ్యాధి) ఉన్నవాళ్ళకు, చర్మ పరీక్షకు ముందు సెట్రిజిన్ లాంటి ఎలర్జీ మాత్ర ఒక వారం ఆపలేనివాళ్ళకు మాత్రం రక్త పరీక్షే (రొయ్యలకు సంబంధించిన ఐజీఈ, అంటే ఎలర్జీ యాంటీబాడీని కొలిచేది) మేలు, దానికి మాత్రలు ఆపక్కర్లేదు. ఐజీజీ (ఇది వేరే రకం యాంటీబాడీ) ఫుడ్ టెస్టులకు డబ్బు పెట్టకండి.

రొయ్యలు ఎంత ఉడికించినా ఆ ప్రోటీన్ పోదు. చేపల ఎలర్జీ వేరే ప్రోటీన్‌తో వస్తుంది, డాక్టరును అడక్కుండానే చేపల పులుసు మానెయ్యొద్దు.

ఊపిరి ఆడకపోయినా, కళ్ళు తిరిగినా సెట్రిజిన్ వేసుకుని చూద్దామనుకోకండి, వెంటనే 108కి ఫోన్ చెయ్యండి, అప్పుడు కావాల్సింది తొడకు వేసే అడ్రినలిన్ ఇంజెక్షన్. పరీక్ష మాత్రం అలా వచ్చి తగ్గిన నాలుగు నుంచి ఆరు వారాలకు చేయించుకోండి, వెంటనే చేస్తే ఉన్న ఎలర్జీ కూడా కనబడకపోవచ్చు.