బరంపురంలో సముద్రపు చేపల కొట్టు: చేప అడిగితే ముందు నీళ్ళు తెమ్మంటాడు

బరంపురంలో రంగుచేపలు ఎక్కడైనా దొరుకుతాయి గానీ ఉప్పునీటి చేపలు పెట్టే కొట్టు నాకు తెలిసి ఇదొక్కటే. 5కి 4 ఇస్తాను. ఆ ఒక్క మార్కు ఎందుకు పోయిందో కూడా చెప్తాను.

ట్యాంకు పెట్టి ఉప్పు కలిపి నీళ్ళు తేటపడగానే చేపల కోసం కాళ్ళు ఆగవు కదా, ఈ కొట్టాయన దగ్గర ఆ తొందర చెల్లదు. "చేపలెక్కడికి పోతాయి బాబూ, ముందు మీ నీళ్ళు సీసాలో పట్టుకు రండి" అన్నాడు. తెస్తే నా ఎదురుగానే చుక్కల మందు వేసి చూశాడు. చేపలకి విషమైన అమోనియా సున్నా, కానీ అలాంటిదే నైట్రైట్ చూసే గొట్టం నీలంగా ఉండాల్సింది ఊదారంగుకి తిరిగింది. అంటే అమోనియాని తినే బాక్టీరియా వచ్చింది, నైట్రైట్‌ని నైట్రేట్‌గా మార్చేది ఇంకా నిలదొక్కుకోలేదు, మామూలుగా ఇదంతా కుదురుకోవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. చేతికొచ్చిన బేరం వదులుకుని పంపించేశాడు, అక్కడే నాకు గురి కుదిరింది.

తర్వాత నీళ్ళు బాగున్నాయన్నాక కూడా ఇచ్చింది రెండు చిన్న క్లౌన్‌ఫిష్‌లూ, గోధుమరంగు పాచి గీకడానికి కాసిని టర్బో నత్తలూ, అంతే! క్లౌన్‌లు హేచరీలో పుట్టినవి, ఒకటి కాస్త పెద్దది, ఒకటి చిన్నది. పుట్టుకతో అన్నీ మగవే, పెత్తనం చేసేది ఆడదవుతుంది కాబట్టి అలా ఇస్తే జత కుదురుతుందట. నీలం డామ్సెల్ చేప చవకే, మొండిదే, కానీ ముందు దిగితే ట్యాంకంతా తన జాగీరనుకుని వెనకొచ్చినవాటిని కుమ్మేస్తుందని వద్దన్నాడు. మాండరిన్ చేప అడిగితే నవ్వాడు. అది తినే సన్నపురుగులు కొత్త ట్యాంకులో ఎక్కడివి? సముద్రగుర్రాలు, పగడాలు మాత్రం అసలు అడగొద్దు, 1972 వన్యప్రాణి చట్టంతో పని.

గోపాలపూర్ సముద్రతీరం పక్కనే ఉండగా ఉప్పు ప్యాకెట్ కొనడమేంటని మా బావ గోల. వానాకాలంలో ఋషికుల్య నది వరద కలిస్తే ఒడ్డు దగ్గర నీళ్ళు చప్పబడతాయి, పైగా బురద. ప్యాకెట్టే నయం.

ఇక తేడా. ఆయన చేపల ట్యాంకులన్నిటికీ ఒకటే నీళ్ళు తిరుగుతాయి, పక్క ట్యాంకులో ఒక టాంగ్ చేప ఒంటినిండా ఉప్పు రేణువుల్లాంటి మచ్చలతో రాయికేసి రుద్దుకుంటోంది, అది తెల్లమచ్చల జబ్బు లక్షణం, చెప్తే "మందు వేస్తున్నాం" అని ఊరుకున్నాడు. ఆ జబ్బు మందులో తరచు రాగి ఉంటుంది, అది నత్తలకి విషం. అందుకని సంచిలో నీళ్ళు ట్యాంకులో ఒంపకండి, కొన్నాళ్ళు చేపల్ని వేరే తొట్టిలో ఉంచండి. ఆయన ఉప్పు కూడా తక్కువే పెడతాడు, ఉప్పుని బట్టి పెరిగే నీటి సాంద్రత కొట్లో 1.019, మా ఇంట్లో 1.025. సన్నగొట్టంతో బొట్టుబొట్టుగా మన నీళ్ళు కలుపుతూ అలవాటు చేయాలి, నత్తల విషయంలో ఇంకా నెమ్మదిగా.

ధర విశాఖ కంటే ఎక్కువే. ఫోన్ చేసి సరుకు ఉందో లేదో కనుక్కుని వెళ్ళండి, కొనేముందు మేత వేసి చూపించమనండి. అడిగితే విసుక్కోడు.