సౌర తుఫాను ఎన్నింటికి తాకుతుంది: ఎన్‌లిల్ లెక్కా, డ్రాగ్ లెక్కా?

2024 మే తుఫాను తర్వాత సూర్యుడి మీద కాస్త పెద్ద పేలుడు జరిగితే చాలు, "షాక్ ఎప్పుడు తగులుతుంది, ఎవరి లెక్క నమ్మాలి?" అని అడుగుతూనే ఉన్నారు. అసలు పోటీ ఎన్‌లిల్, డ్రాగ్ అనే రెండు అంచనా మోడళ్ల మధ్యే.

ఎన్‌లిల్‌ది భారీ వ్యవహారం. సౌర పవనం (సూర్యుడి నుంచి ఎప్పుడూ వీచే కణాల ప్రవాహం) మొత్తాన్నీ త్రీడీలో కట్టి, అందులోకి సీఎంఈని, అంటే పేలుడులో సూర్యుడు విసిరే ప్లాస్మా మేఘాన్ని వదిలి, సూపర్‌కంప్యూటర్ మీద నడుపుతారు. ఆ మేఘం ముందు దూసుకొచ్చే అలే షాక్. అమెరికా అంతరిక్ష వాతావరణ కేంద్రం 2011 నుంచీ వాడుతున్నది దీన్నే. డ్రాగ్ మోడల్‌కు అంత హంగు లేదు. వేగంగా వచ్చే సీఎంఈని సౌర పవనం వెనక్కి లాగుతుంది, నెమ్మదిగా వచ్చేదాన్ని ముందుకు తోస్తుంది, అంతే. ల్యాప్‌టాప్ మీద క్షణంలో జవాబు వస్తుంది.

అయినా సీఎంఈ ఒంటరిగా వచ్చినప్పుడు రెండూ సగటున పది గంటలు అటూఇటూ తప్పుతూనే ఉంటాయి. నా దృష్టిలో చిక్కంతా తొలి వేగంతోనే. సెకనుకు 1000 కి.మీ. చొప్పున తగ్గకుండా వస్తే 15 కోట్ల కి.మీ. దాటడానికి దాదాపు 42 గంటలు. 900 అయితే 46. ఆ వందను ఎవరు ఖాయంగా చెప్పగలరు? నేరుగా మన మీదికే వచ్చే సీఎంఈ కరోనాగ్రాఫ్‌లో (సూర్యబింబాన్ని కప్పి చుట్టుపక్కల చూపే కెమెరాలో) సూర్యుడి చుట్టూ వలయంలా ఉబ్బుతుంది. పక్కలకు ఎంత జోరుగా పెరుగుతోందో కనిపిస్తుంది, ఎదురొచ్చే జోరు కనిపించదు. రాత్రిపూట హెడ్‌లైట్లు చూసి లారీ స్పీడు చెప్పమన్నట్టు! పక్కనుంచి చూసే కన్ను కావాలి. సూర్యుణ్ణి వేరే కోణాల నుంచి చూడ్డానికి పంపిన స్టీరియో వ్యోమనౌకల జంటలో ఒకటి 2014లో మూగబోయింది. రెండోది 2024 మేలో దాదాపు మన పక్కనే ఉంది, ఆ కోణం పెద్దగా పనికిరాదు.

అందుకే నా ఓటు డ్రాగ్‌కే. వేగాన్ని 900 నుంచి 1100 దాకా మార్చి మార్చి వందలసార్లు నడిపితే, ఒక్క టైము బదులు 'ఈ గంట నుంచి ఆ గంట దాకా' అని నిజాయితీగా చెబుతుంది.

టైప్ 2 రేడియో పేలుళ్లతో, అంటే షాక్ పుట్టించే రేడియో సంకేతాలతో వేసే పాత లెక్కలు తొలి అంచనాకు చాలు. షాక్‌ను నేరుగా కొలిచే ఆదిత్య ఎల్1 లాంటివి ఉండే చోటు ఇక్కడికి 15 లక్షల కి.మీ. సెకనుకు 800 కి.మీ. షాక్ అక్కడ తగిలాక మనకు మిగిలేది అరగంట.

కానీ సీఎంఈలు ఒకదాని వెనక ఒకటి బయలుదేరితే నా మాట మారుతుంది. 1972 ఆగస్టులో ముందు వెళ్లినవి దారి ఊడ్చిపెట్టడంతో షాక్ 15 గంటల లోపే వచ్చేసింది. ఖాళీ అయిన దారి సంగతి మామూలు డ్రాగ్ లెక్కకు తెలియదు. 2024 మేలోనూ వరసగా వచ్చాయి. అలాంటి రోజున ల్యాప్‌టాప్ మూసేసి ఎన్‌లిల్ బొమ్మ కోసమే చూస్తాను.