జెన్ కాన్‌లో గోదావరి వరద: ఇండియానాపోలిస్‌లో బస, తిండి, ఆట

మా స్నేహితుడు తనే రాసి, బొమ్మలు వేయించి, సొంత డబ్బుతో అచ్చు వేయించుకున్న ఆట ఇండియానాపోలిస్‌లో ఏటా జరిగే జెన్ కాన్ అనే ఆటల జాతరలో విడుదలైంది. టేబుల్‌టాప్ రోల్ ప్లేయింగ్ గేమ్ అది. ఒకరు కథ నడుపుతుంటే మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుని, ఇప్పుడు నేనైతే ఇలా చేస్తాను అని చెబుతూ పోతారు. వాడి సంబరంలో పాలుపంచుకోవడానికి మిత్రులం షికాగో నుంచి కారులో వెళ్లాం. చేతిలో సొంత ఆట పెట్టుకుని అక్కడికి వెళ్లాలనుకునేవాళ్లకి డబ్బు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ అక్కర్లేదో తెలియడం చాలా అవసరం. అందుకే ఇదంతా వివరంగా రాస్తున్నాను.

షికాగో నుంచి ఐ-65 హైవే మీద దాదాపు 180 మైళ్లు, మూడు గంటల పైచిలుకు. పుస్తకాల పెట్టెలుంటే విమానం కన్నా కారే నయం. వైట్ కౌంటీ దగ్గర రోడ్డుకు అటూ ఇటూ గాలిమరలు తప్ప దారిలో ఆగి చూడాల్సినవి పెద్దగా లేవు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి: ఇండియానాపోలిస్ టైమ్ షికాగో కన్నా గంట ముందుంటుంది. స్టాల్ సర్దుకోవాల్సినవాళ్లు ఆ గంట కలుపుకునే బయల్దేరాలి.

అసలు టెన్షన్ హోటల్ దగ్గరే. ఈ జాతరకి వచ్చే జనం 70 వేలు దాటిపోయారు. బ్యాడ్జ్ (లోపలికి వెళ్లే టికెట్) కొన్నవాళ్లకి గది బుక్ చేసుకోవడానికి లాటరీలాగా ఒక టైమ్ వస్తుంది. ముందు టైమ్ వస్తే జాతర జరిగే కన్వెన్షన్ సెంటర్‌కి స్కైవాక్‌తో, అంటే రోడ్డు దాటించే నడక వంతెనతో, కలిసిన హోటళ్లు దొరుకుతాయి, ఆలస్యంగా వస్తే ఎయిర్‌పోర్ట్ వైపు వెళ్లాల్సిందే. మా అందరిలో ఒక్కరికే మంచి టైమ్ వచ్చింది. ఆ దగ్గరి గది ఆట రాసినవాడికి ఇచ్చేసి, మేం ఎయిర్‌పోర్ట్ దగ్గర దిగాం. ఎవరైనా ఇలాగే చేయాలని నా గట్టి అభిప్రాయం. పొద్దున్నుంచి నిలబడి మాట్లాడే మనిషికి మధ్యాహ్నం అరగంట నడుం వాల్చడానికి ఒక మంచం కావాలి. రోడ్డెక్కకుండా గదికి వెళ్లి, చొక్కా మార్చుకుని, ఇంత పెరుగన్నం తిని వచ్చిన రోజు సాయంత్రం వాడి గొంతు బాగా పలికింది.

మేం దిగిన హోటల్ శుభ్రంగానే ఉంది, పొద్దున టిఫిన్ కూడా ఫర్వాలేదు. కానీ ఊళ్లోకి షటిల్ ఉందని చెప్పి, తీరా అది ఎప్పుడొస్తుందో కౌంటర్లో వాళ్లకే తెలియని పరిస్థితి. చివరికి సొంత కారులోనే తిరిగాం. ఆ వారం డౌన్‌టౌన్‌లో పార్కింగ్ రేట్లు మండిపోతాయి కాబట్టి, దూరంగా గది తీసుకుంటే మిగిలిందనుకున్న డబ్బులో మంచి భాగం అక్కడికే పోతుంది. నలుగురు కలిసి ఒకే కారులో వెళ్తేనే గిట్టుబాటు. పాత యూనియన్ స్టేషన్‌లోని క్రౌన్ ప్లాజాలో బస చేయకపోయినా ఒకసారి లోపలికి వెళ్లి చూడండి. పట్టాల మీదున్న పుల్‌మన్ రైలు పెట్టెల్నే గదులుగా మార్చారు.

ఎగ్జిబిట్ హాల్ పొద్దున పదింటికి తెరుస్తారు. తలుపులు తీయగానే జనం పెద్ద కంపెనీల స్టాళ్ల వైపు పరుగు పెడతారు. మావాడు మరికొందరు చిన్న రచయితలతో కలిసి ఒక స్టాల్ పంచుకున్నాడు. ఒంటరిగా స్టాల్ తీసుకుంటే ఖర్చు భరించలేం, మంచినీళ్లకి వెళ్లినా చూసుకునేవాళ్లు ఉండరు. పంచుకోవడంలో ఇంకో లాభం ఉంది: పక్కవాళ్ల ఆట కోసం వచ్చినవాళ్లు మన పుస్తకం కూడా తిరగేస్తారు. అయితే ఆ రొదలో ఆటని వివరించడం కష్టం. ఒక నిమిషంలో చెప్పగలిగినంతే చెప్పి పుస్తకం చేతికివ్వాలి.

ఈ ఆట నిజంగా బతికింది గేమ్స్ ఆన్ డిమాండ్‌లో. ముందే బుక్ చేసుకోనివాళ్లు వచ్చి, మెనూలాంటి కాగితంలో చిన్న చిన్న ఆటల వివరాలు చదివి, నచ్చిన టేబుల్‌కి వెళ్లే ఏర్పాటు అది. రెండు గంటల ఆటలుంటాయి, నాలుగు గంటలవీ ఉంటాయి. నడిపేవాళ్లంతా స్వచ్ఛందంగా వచ్చినవాళ్లే, ఎంత ఓపికగా చెబుతారో! జెన్ కాన్ మొత్తంలో సర్వీస్ బాగున్న చోటు చెప్పమంటే నేను మొదట దీని పేరే చెబుతాను.

మావాడి ఆట 1986 ఆగస్టు గోదావరి వరద మీద. అప్పుడు భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకి చేరింది. టేబుల్ మధ్యలో ఒక అట్ట పట్టీ, దాని మీద 43, 48, 53 అడుగుల గీతలు. మన దగ్గర అందరికీ తెలిసిన మొదటి, రెండో, మూడో ప్రమాద హెచ్చరికలే అవి. పాచికలకి బదులు ఆరు గవ్వలు. వెల్లకిలా పడినవి ఎన్నో చూసి, అనుకున్న పని అయిందో లేదో తేలుస్తారు. ఆరూ బోర్లా పడితే పట్టీకున్న, నీటిమట్టం చూపే క్లిప్పు ఒక మెట్టు పైకి జరుగుతుంది. మొదటి హెచ్చరిక దగ్గర ప్రతి ఒక్కరూ ఇంట్లోంచి ఏం తీసుకెళ్తారో చెప్పాలి. రెండోదానికి రోడ్డు పోతుంది. మూడోదానికి మిగిలేది పడవ ఒక్కటే.

నేను చూసిన ఆటలో అయోవా నుంచి వచ్చిన ఒక పెద్దావిడ పడవ నడిపే మనిషి పాత్ర తీసుకుంది. 1993లో మిసిసిపీ పొంగినప్పుడు వాళ్లూ ఇల్లు వదిలి వెళ్లారట. నీళ్లు 53 దాటాయి, పడవలో చోటు లేదు, గట్టు మీద చూలు ఆవు. గవ్వలు అరచేతుల్లో గలగలలాడిస్తూ ఆవిడ చాలాసేపు వేయలేదు. చివరికి, ఆవు పడవ వెంట ఈదుకుంటూ వస్తుంది, పలుపు నేను పట్టుకుంటాను అంది. ఐదు గవ్వలు వెల్లకిలా పడ్డాయి. టేబుల్ చుట్టూ ఒకటే చప్పట్లు. మావాడు తల వంచుకుని కళ్లద్దాలు తుడుచుకున్నాడు. భద్రాచలం పేరు ఎన్నడూ వినని మనుషులు మన ఏటి ఒడ్డున నిలబడి మన ఆవు కోసం ఆత్రపడటం చూశాక, ఈ ప్రయాణానికి పెట్టిన ప్రతి డాలరుకీ విలువ దక్కిందనిపించింది.

ఈ తరహా ఆటలకి మూలమైన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌ని 1974లో మొదటిసారి వేసింది వెయ్యి పెట్టెలే, అవీ చేత్తో సర్దినవి. ఆ ఆట సృష్టికర్తల్లో ఒకరైన గేరీ గైగాక్స్ విస్కాన్సిన్‌లోని లేక్ జెనీవాలో 1968లో ఒక చిన్న హాలు అద్దెకి తీసుకుని మొదలుపెట్టిన సమావేశమే ఈ జెన్ కాన్. అందుకే తక్కువ ప్రతులు వేశామని ఇక్కడ ఎవరూ మొహమాటపడక్కర్లేదు.

తిండి సంగతికొస్తే, కన్వెన్షన్ సెంటర్ లోపల దొరికేది ఖరీదెక్కువ, రుచి తక్కువ. జార్జియా స్ట్రీట్‌లో వరసగా ఆగే ఫుడ్ ట్రక్కులు నయమే కానీ, మధ్యాహ్నం క్యూ పెద్దది, శాకాహారులకి ఎంపిక తక్కువ. పులిహోర, పెరుగు గదిలో పెట్టుకోండి. విడుదల విందుకి 1902 నాటి సెయింట్ ఎల్మో స్టీక్ హౌస్ అన్నారు కొందరు. మాలో సగం మంది మాంసం తినరు, పైగా ఆ వారం అక్కడ టేబుల్ దొరకడం గగనం. పడమట 38వ స్ట్రీట్, లఫాయెట్ రోడ్ కలిసే వైపు వెళ్లి మన దోసెలు, బిర్యానీ తిన్నాం. పన్నెండు మంది గంటల తరబడి కూర్చున్నా ఎవరూ లేవమనలేదు. స్టాల్ పంచుకున్న రచయితలు కూడా వచ్చి, టిఫిన్ ప్లేట్లు పక్కకి జరిపి మళ్లీ గవ్వలు వేశారు.

చివరి రోజైన ఆదివారం హాలు సాయంత్రం నాలుగింటికే మూసేస్తారు. మిగిలిన పుస్తకాలు సర్దుకుని, స్టాల్ విప్పి బయటపడేసరికి బాగా ఆలస్యమవుతుంది. ఆ రాత్రే కారెక్కకుండా సోమవారం వరకు గది ఉంచుకోండి. ఆదివారం రాత్రి రేట్లు కూడా దిగుతాయి, స్కైవాక్ హోటళ్లలోనూ గదులు దొరుకుతాయి.