మూడు కంపెనీల పరికరాలు, ఒకటే వైరు: నాలుగేళ్ల వాడకం తర్వాత

చెన్నై కాశిమేడు హార్బర్‌లో మా బోటు ఉంది. నాలుగేళ్ల కిందట, వేట నిషేధం 61 రోజుల్లో, గార్మిన్ స్క్రీను, రేమరీన్ దిక్సూచి సెన్సారు, ఎయిర్‌మార్ లోతు సెన్సారు ఒకే ఎన్‌ఎంఈఏ 2000 (వేర్వేరు కంపెనీల బోటు పరికరాలు అంకెలు పంచుకునే పద్ధతి) వైరు మీద పెట్టించాం. రేమరీన్ సాకెట్ వేరు కాబట్టి దానికి అడాప్టర్ వైరు కొన్నాం. మిగతావి నేరుగా బిగించేశాం. స్క్రీను మూడింటినీ గుర్తుపట్టింది.

కష్టం రెండో ఏడు వానల్లో వచ్చింది. రాత్రి ఎన్నూరు వైపు నుంచి తిరిగొస్తుంటే బోటు నడిపే సరంగు మామ పిలిచాడు: "అల్లుడూ, లోతు పోయింది చూడు." అంకె వస్తుంది, గీతలు పడతాయి, మళ్లీ వస్తుంది. చేత్తో తాడు వేసి బారలు లెక్కపెట్టుకుంటూ వచ్చాం. చాలా టెన్షన్ పడ్డాను.

తెల్లారాక కరెంటు ఆపి, తెల్ల వైరుకూ నీలం వైరుకూ మధ్య మల్టీమీటర్ పెట్టాను. 60 ఓమ్‌లు చూపించాల్సింది 120 చూపించింది. బ్యాక్‌బోన్ అనే ప్రధాన వైరుకు రెండు చివరలా 120 ఓమ్‌ల టెర్మినేటర్ (చివర బిగించే రెసిస్టర్) ఉండాలి, అందులో ఒకటి తెగిపోయిందన్నమాట. ముందు వైపుది విప్పితే పిన్నుల మీద పచ్చగా చిలుం! 'టీ' కనెక్టర్ (పరికరం వైరును ప్రధాన వైరుకు కలిపేది), టెర్మినేటర్ రెండూ మార్చగానే 60 వచ్చింది. అప్పటి నుంచి నిషేధం రోజుల్లో ప్రతి కనెక్టరూ విప్పి, తుడిచి, సిలికాన్ గ్రీజు రాస్తున్నాను. లోతు మళ్లీ పోలేదు. కొత్తగా వేయించుకునేవాళ్లు బ్యాక్‌బోన్ నుంచి పరికరానికి వెళ్లే ఒక్కో వైరూ 6 మీటర్లు దాటకుండా చూసుకోండి.

పాత వీహెచ్‌ఎఫ్ రేడియో సెట్టు ఎన్‌ఎంఈఏ 0183 అనే పాత పద్ధతిది. ఆపదలో బటన్ నొక్కితే మనమెక్కడున్నామో కూడా వెళ్లాలంటే దానికి జీపీఎస్ అందాలి. స్క్రీను నుంచి విడిగా వైరు లాగి, డేటా వేగం 4800 పెట్టాక అందింది. చుట్టూ ఉన్న ఓడల జాడ చూపే ఏఐఎస్‌కైతే 38400 పెట్టాలి.

ఒక్క విషయంలో మాత్రం నాకు అసంతృప్తి ఉంది. ఈ వైరు మీద లోతు, దిక్కు, వేగం అంకెలే వస్తాయి, చేపల గుంపు బొమ్మ రాదు. దానికి ఏ కంపెనీ దారి దానిదే. ఆ సంగతి కొనే ముందు నాకెవరూ చెప్పలేదు. వచ్చే నిషేధంలో స్క్రీను కంపెనీ సోనార్ సెన్సారే వేయిస్తున్నాను. మిగతా రెండూ తీయను.