బాస్క్ తీరంలో ఒక్క రోజు నడక: ఇరున్ నుంచా, సరౌత్స్ నుంచా?

స్పెయిన్ ఉత్తర తీరం వెంబడి సాంటియాగో పుణ్యక్షేత్రానికి నెలకు పైగా నడిచే కమీనో డెల్ నోర్టే యాత్రా మార్గంలో ఒక్క రోజే తీరిక దొరికితే ఎటు నడవాలని యూరప్‌లో ఉంటున్న మనవాళ్లు తరచూ అడుగుతున్నారు. మొన్న మే నెలలో వారం తేడాతో రెండు దారులూ నడిచి వచ్చాం.

అందమొక్కటే చూసుకుంటే ఇరున్ నుంచి సాన్ సెబాస్టియన్ దారిదే పైచేయి. సుమారు 25 కిలోమీటర్లు. గ్వాదలూపే చర్చి దగ్గర దారి రెండుగా చీలుతుంది. ఆకాశం తెరిపిగా ఉంటే హైస్కిబెల్ కొండ మీది దారి పట్టండి, కుడివైపు సముద్రం చాలాసేపు కనిపిస్తూనే ఉంటుంది. పసాయాలో రెండు కొండల నడుమ ఇరుకు పాయను చిన్న పడవలో దాటడం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. అవతలి ఒడ్డున మళ్లీ మెట్లెక్కాలి.

అయినా నా సలహా సరౌత్స్ నుంచి దేబా దారే. నెల రోజులు నడిచేవాళ్లకు ఒక రోజు వాన పడితే మరో రోజు ఎండ వస్తుంది. ఒక్క రోజు కోసం వచ్చినవాళ్లకు ఆ వీలు లేదు. ఈ తీరంలో తుంపర ఎప్పుడు మొదలవుతుందో చెప్పలేం. గ్వాదలూపే దాటాక పసాయా వరకు ఒక్క ఊరు లేదు. మేము ఎక్కిన రోజు కొండ మీద మబ్బు దిగింది. గుర్రాల మెడ గంటలు పక్కనే వినిపించాయి, గుర్రాలు మాత్రం కనిపించలేదు. ఆగడానికి చోటు లేక తడుస్తూనే నడిచాం.

సరౌత్స్ దారి సుమారు 22 కిలోమీటర్లు. మధ్యలో వచ్చే గెటారియా ఊరికి సముద్రం పక్కన చదునైన బాట ఉంది, రాళ్లు పరిచిన పై దారీ ఉంది. నేల పొడిగా ఉంటే పై దారే మేలు. మన బీరపాదుల్లా ద్రాక్షతీగలను పందిళ్ల మీదికి పాకించిన తోటలు దారి పొడవునా కనిపిస్తాయి. ఇక్కడి చకోలీ వైన్ వాటిదే. 1522లో భూప్రదక్షిణ ముగించి వచ్చిన నావికుడు ఎల్కానోది గెటారియానే. అక్కడ వీధి చర్చి కిందుగా దూరి రేవు వైపు దిగుతుంది.

సుమారు 10 కిలోమీటర్ల దగ్గర సుమాయా వస్తుంది, అక్కడ రైలు స్టేషన్ ఉంది. నా భార్యకు మోకాలు నొప్పి మొదలై అక్కడే ఆగింది. నేను ఇత్సియార్ మీదుగా దేబా చేరి, ఊళ్లోకి లిఫ్టుల్లో దిగేసరికి ఆమె రైల్లో వచ్చి స్టేషన్ దగ్గర కూర్చుని ఉంది.

దేబా నుంచి మార్కినా దారి గురించీ అడుగుతారు. అది తీరం వదిలి కొండల్లోకి పోతుంది. తిండీ నీళ్లూ మోసుకోవాలి, ఒక్క రోజుకు వద్దు.

సుమాయాలో ఇత్సురున్ బీచ్ పక్కన రాతి పొరలు పుస్తకం పుటల్లా నిలబడి ఉంటాయి. డైనోసార్లు అంతరించిన 6.6 కోట్ల ఏళ్ల నాటి పొర కూడా ఆ కొండ అంచుల్లోనే ఉంది. నా భార్య అక్కడ రెండు గంటలు గడిపింది, నేను పావుగంట కూడా ఆగలేదు. మీరు ఆటు వేళకు అక్కడికి చేరేలా బయలుదేరండి, పొరలు బాగా బయటపడేది అప్పుడే.